పేరు పెట్టి పిలిస్తే

కోదాడ,
1948 నవంబరు

అన్నకు,

మేము బతికే ఉన్నాము. దారులు తెరిచారని, టపా పోతున్నదని పక్కింటి లచ్చమ్మ చెప్తే ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వు మిర్యాలగూడ సర్కారు దవాఖానకు డాక్టరుగా వచ్చావని నలుగురూ అనుకుంటుంటే విన్నాను. ఇంత దగ్గరికి వచ్చి కూడా చెల్లెకు ఒక్క ముక్క రాయలేదని కోపం ఉంది. ఇప్పుడు కోపానికి వేళ కాదు.

మొన్న ఎండకాలంలో దొర మనుషులు రజాకార్లను వెంటబెట్టుకొని చెరువు కింది మా పొలం మీదికి వచ్చారు. పక్క పొలాల వాళ్లు చూసి ఉరికారు. మీ బావ ఉరకలేదు. పొలం వదిలి పొమ్మంటే పోనన్నాడు. తుపాకి మడమతో తల మీద కొట్టారు, ఎడమ కణత పైన. బతకడన్నారు, బతికాడు. కుడి చేతిలో బలం తగ్గింది. మాట మొత్తం పోయింది. వానకాలమంతా ఆయన నోటి నుంచి ఒక్క మాట వినలేదు. ఇప్పుడిప్పుడే వస్తున్నది. ఒక మాట కోసం ఆయన ఎంత తండ్లాడుతాడో చూస్తే నాకే ఊపిరి ఆడదు. కానీ తెలివి ఎక్కడికీ పోలేదన్నా. అన్నీ అర్థమవుతాయి.

సర్కారు మారింది గాని పొలం ఇంకా దొర చేతిలోనే ఉంది. మా గట్లు తవ్వేసి తన మడుల్లో కలుపుకున్నాడు. సూర్యాపేట కచేరీలో దావా వేశాము. ఏ గట్టు ఎక్కడ ఉండేదో, ఎవడు కొట్టాడో చెప్పగలిగింది మీ బావ ఒక్కడే. ఆయన నోటితో చెప్తేనే పొలం మాది. దొర గుమాస్తా మాత్రం "వానికి మతి పోయింది, వాని మాటేంది" అని కోదాడ అంతా చాటుతున్నాడు.

ఒక్కసారి వచ్చి చూసిపో. నువ్వు చూస్తే నాకు ధైర్యం. జమునకు ఇప్పుడు పళ్లు ఊడుతున్నాయి, మేనమామ ఎట్లా ఉంటాడని అడుగుతున్నది.

నీ చెల్లె
ఆండాళు

*

మిర్యాలగూడ,
1948 డిసెంబరు

చెల్లెలు ఆండాళుకు,

నీ ఉత్తరం చదివి మనసు కలతపడింది. రాయలేదని కోపగించుకోకు. ఇక్కడ దవాఖాన నిండా పగిలిన తలలే. హుజూర్‌నగర్ నుంచి, పాలకీడు నుంచి బండ్ల మీద వేసుకొస్తున్నారు. లాఠీ దెబ్బలు, గొడ్డలి దెబ్బలు, తుపాకి మడమ దెబ్బలు. ఈ రెండేండ్లలో మన జిల్లాలో పగిలినన్ని తలలు పెద్ద యుద్ధంలో కూడా ఒకే చోట దొరకవని హైదరాబాదులో మా పెద్ద డాక్టరుగారు అన్నారు. ఆయన తల దెబ్బల మీద పరిశోధన చేస్తున్నారు. ఈ ప్రాంతపు కేసులు సేకరించే పని నాకు అప్పగించారు.

బావకు జరిగింది నాకు బాగా అర్థమవుతున్నది. మెదడులో ఎడమ పక్కన మాటకు ఒక చోటు ఉంది. అక్కడ దెబ్బ తగిలితే మాట పోతుంది, కుడి చెయ్యి వాలుతుంది. ఇది ఫ్రాన్సు డాక్టర్లు ఎనభై ఏండ్ల కిందనే కనిపెట్టారు. ఐతే ఏ మాటలు పోతాయి, ఏవి మిగులుతాయి, ఏవి ముందు తిరిగి వస్తాయి అన్నది ఇంకా ఎవరికీ తేలలేదు.

వెంటనే రావాలని ఉంది, సెలవు లేదు. వచ్చేలోగా నువ్వు నాకు సాయం చెయ్యి. రోజూ ఒక్కొక్క వస్తువు చూపించి ఇదేమిటని అడుగు. నోరు కదిపి అందించకు. బావ వెనుక నిలబడి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా లేదా చూడు. నీ పేరేమిటో బావను అడుగు. ఏమంటాడో అదే రాయి. ఒక్క మాట: నీ అభిప్రాయాలు కలపకు. ఆడవాళ్లు సానుభూతితో ఎక్కువ రాస్తారు, దానితో పరిశోధన చెడిపోతుంది. అవును, లేదు అని రాస్తే చాలు.

నీ అన్న
యాదగిరి

*

కోదాడ,
1949 జనవరి

అన్నకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. సంక్షేపంగా రాస్తున్నాను.

చాట చూపిస్తే చాట అన్నాడు. కొడవలి చూపిస్తే మొదట "కోసేది" అన్నాడు, కొంచెం సేపు ఆగి కొడవలి అన్నాడు. చెంబును నీళ్లు అన్నాడు. కడవ, గంప, పలుగు, ఉట్టి సరిగ్గా చెప్పాడు. నాగలి అనడానికి మాత్రం నుదుట చెమట పట్టింది, అయినా అన్నాడు. ఎద్దు పలుపు తెంపుకొని లచ్చమ్మ పెరట్లో పడితే ఎక్కడా తడబడకుండా నిండా తిట్టాడు. విని లచ్చమ్మ, నేను పడీపడీ నవ్వాము. ఆయన కూడా నవ్వాడు. దెబ్బ తగిలినాక ఆయన నవ్వడం అదే మొదలు.

పేరు పెట్టి పిలిస్తే తిరిగాడా: లేదు.

నా పేరేమిటని అడిగితే: జమున అన్నాడు.

ఇంకా రాయాలని ఉంది, నువ్వే వద్దన్నావు. ఎప్పుడు వస్తున్నావు?

ఆండాళు

*

మిర్యాలగూడ,
1949 ఫిబ్రవరి

ప్రియమైన ఆండాళుకు,

నువ్వేం పంపించావో నీకు తెలియదు. రెండు రోజులు నాకు కుదురు లేదు. పొలం పనిముట్ల పేర్లన్నీ ఉన్నాయి, ఇంట్లో వస్తువుల పేర్లన్నీ ఉన్నాయి. పోయినవి మనుషుల పేర్లు మాత్రమే. తన పేరుకు తాను తిరగడు, భార్యను కూతురి పేరుతో చెప్తాడు. అంటే మెదడులో వస్తువుల పేర్లకు ఒక చోటు, మనుషుల పేర్లకు వేరే చోటు ఉందన్నమాట. ఇంత స్పష్టంగా చూపించే కేసు ఇంతవరకు మాకు రాలేదు.

పెద్ద డాక్టరుగారు నన్ను హైదరాబాదుకు పిలిపించి డాక్టర్లందరి ముందూ చదివించారు. కేసు: సైదయ్య, రైతు, కోదాడ. చదివాక లేచి నా చెయ్యి పట్టుకొని ఊపారు. ఒక మూల దవాఖానలో ఉండి ఇంత సూక్ష్మంగా గమనించావా అన్నారు. అక్కడికే బదిలీ చేయించే మాట కూడా వచ్చింది. నాయన ఉంటే ఎంత సంతోషించేవాడో.

ఇంటికి వద్దామనుకుంటే వ్యాసం అచ్చుకు తయారు చెయ్యమన్నారు. కేసుకు రోజూ అన్నం పెట్టే ముందు అవే ప్రశ్నలు వెయ్యి.

నీ అన్న
యాదగిరి

*

కోదాడ,
1949 మార్చి

అన్నా,

నీ పేరు వచ్చినందుకు సంతోషం. మొదటి ఉత్తరంలో బావ అన్నావు, ఇందులో కేసు అన్నావు. డాక్టర్లు అట్లనే అంటారేమోలే.

సూర్యాపేటలో పేషీ వచ్చే నెల. విచారణ తేదీ పడ్డదని తెలిసి గుమాస్తా మరీ రెచ్చిపోయాడు. నిన్న వీధిలో మీ బావకు ఎదురుపడి, నలుగురూ వింటుండగా, "పేరు తెల్వనోనికి పొలం గట్టు ఏం తెలుస్తది" అన్నాడు. మీ బావ బదులు చెప్పబోయాడు, మాట దొరకలేదు. ఇంటికి వచ్చి గోడకు మొహం పెట్టి కూర్చున్నాడు.

పేరు తెల్వదని వానికి ఎవరు చెప్పారో నాకు అంతుపట్టడం లేదు. నువ్వు సర్కారు డాక్టరువి. మనిషికి తెలివి ఉంది, మాట ఒక్కటే ఆలస్యం అని కచేరీకి ఒక కాగితం రాసి పంపు. వచ్చి చూసి రాస్తే ఇంకా మంచిది.

ఆండాళు

*

మిర్యాలగూడ,
1949 మార్చి

ఆండాళుకు,

కచేరీ వాళ్లు పోయిన నెలలోనే నన్ను అడిగారు. దొర వకీలు దరఖాస్తు పెట్టుకుంటే, తల దెబ్బల కేసులు చూసే సర్కారు డాక్టరు కాబట్టి నా అభిప్రాయం కోరారు. నా దగ్గర ఉన్నదే రాశాను. వస్తువులను గుర్తిస్తాడు, తన పేరును గుర్తించడు, భార్యను కూతురి పేరుతో పిలుస్తాడు అని. తెలివి లేదని నేను ఎక్కడా రాయలేదు. హైదరాబాదులో ఒకటి చదివి, సూర్యాపేటకు ఇంకొకటి రాయలేను గదా. శాస్త్రానికి చెల్లె, బావ అని ఉండదు.

పొలం పోయినా పర్వాలేదు, హైదరాబాదు వెళ్లాక మిమ్మల్ని నేను చూసుకుంటాను.

యాదగిరి

*

కోదాడ,
1949 మార్చి

అన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివి పొయ్యిలో పెడదామనుకొని ఆగాను.

నువ్వు ఎవరి ఇంట్లో పుట్టావు? నేనైనా, లచ్చమ్మైనా, మన అమ్మైనా, మొగుణ్ని పేరు పెట్టి ఎన్నడైనా పిలిచామా? పేరు పెడితే మొగని ఆయుష్షు తగ్గుతుందని అమ్మ నాకు పెండ్లిపీట మీదికి పోయే ముందు కూడా చెప్పింది. చావు అంచు దాకా పోయి వచ్చిన మనిషిని వెనుక నిలబడి నేను పేరు పెట్టి పిలుస్తానా? ఇంట్లో నేను, జమున. జమున నాయనా అంటుంది. లచ్చమ్మ తమ్ముడా అంటుంది. పేరు పెట్టి పిలిస్తే తిరిగాడా అన్నావు, లేదు అన్నాను. పిలిచినవాళ్లు లేరు, తిరగడం లేదు. అవును, లేదు చాలన్నది నువ్వే. మన ఇంట్లో పుట్టినవాడికి ఇది కూడా విడమరిచి చెప్పాలా అనుకున్నాను.

ఇగ జమున సంగతి. మన నాయన అమ్మను ఎట్లా పిలిచేవాడు? వాకిట్లో నిలబడి "ఓ యాదగిరీ" అనేవాడు. నువ్వు ఆట వదిలి ఉరికొస్తే "నువ్వు గాదురా, మీ అమ్మ" అనేవాడు. నీకు కోపం వచ్చేది, నేను నవ్వేదాన్ని. మీ బావ కూడా జమున పుట్టినప్పటి నుంచి నన్ను జమునా అనే పిలుస్తాడు. నా పేరు ఆయన నోటితో నేను ఎన్నడూ వినలేదు. నీ పరీక్ష కోసం మొగుణ్ని పట్టుకొని నా పేరేంది అని అడిగితే ఆయన సిగ్గుపడి నవ్వి జమున అన్నాడు. నాయనకు తల మీద ఎవరు కొట్టారన్నా?

ఇప్పుడైనా మించిపోయింది లేదు. నేను పొరపాటు పడ్డానని కచేరీకి ఒక్క కాగితం రాయి. పేషీ రోజు నువ్వే వచ్చి చెప్తే ఇంకా నయం. ఆ పొలం తప్ప మాకు ఇంకేం లేదు. పొలం సంగతి అట్లా ఉండనీ, ఆయనను పిచ్చివాణ్ని చేసి వీధిలో నిలబెట్టకు.

నీ చెల్లె
ఆండాళు

*

మిర్యాలగూడ,
1949 ఏప్రిల్

ఆండాళుకు,

నువ్వు రాసింది చూశాను. ఇది ముందే చెప్పవలసింది. నువ్వు చెప్పినదే నిజమని మాత్రం నేను ఎట్లా నమ్మేది? భర్త మీద ప్రేమతో, పొలం మీద ఆశతో ఇప్పుడు ఇట్లా చెప్తున్నావని రేపు ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు. వ్యాసం అచ్చుకు పోయింది. పెద్ద డాక్టరుగారి పేరు నా పేరు పక్కన ఉంది. ఒకసారి రాసి ఇచ్చిన అభిప్రాయాన్ని మార్చుకున్న డాక్టరును ఇక ఎవరూ నమ్మరు. బదిలీ కాగితాల మీద ఇంకా సంతకం కాలేదు.

సమయం చూసి నేనే ఏదో ఒకటి చేస్తాను. అంతవరకు బావను సూర్యాపేటకు తీసుకుపోవద్దు. దెబ్బతిన్న మెదడు జనంలో, గలాటాలో నిలబడలేదు. మూర్ఛ రావచ్చు. వాయిదా అడగండి. ఇది అన్నగా కాదు, డాక్టరుగా చెప్తున్నాను.

యాదగిరి

*

సూర్యాపేట,
1949 ఏప్రిల్

అన్నా,

తీసుకొచ్చాను. మూర్ఛ రాలేదు. బస్సు ఇంకా రాలేదు గనుక ఇక్కడే కూర్చొని రాస్తున్నాను. మీ బావ నా పక్కనే ఉన్నాడు, నా వైపు చూడడం లేదు.

మున్సిఫు మరాఠీ దేశం నుంచి కొత్తగా వచ్చినవాడు. తెలుగు రాదు, ఉర్దూలో మాట్లాడుతాడు. లోపలికి పిలిచినప్పుడు మీ బావ చెయ్యి పట్టుకొని నేనే తీసుకుపోయాను. అది తప్పయింది. భార్య లాక్కొస్తే వచ్చాడు, పేరు విని రాలేదని దొర వకీలు అందుకున్నాడు. మున్సిఫు పేరేమిటని అడిగించాడు. ఇంట్లో ఐతే చెప్పేవాడు. అంతమంది తన నోటి వైపే చూస్తుంటే ఆయనకు మాట అడ్డం పడ్డది. సై, సై అన్నాడు, ఇంక రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి. వెనుక ఎవడో నవ్వాడు. దొర వకీలు నీ కాగితం చేతిలో పట్టుకొని లేచాడు.

అప్పుడు నేను లేచాను. నేనేం చేస్తున్నానో నాకు తెలుసు. ఆయన నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. నేను గట్టిగా పిలిచాను.

"సైదయ్యా."

తిరిగాడన్నా. ఒక్క పిలుపుకు తిరిగాడు. ఆ మొహం నేను చచ్చేదాకా మరిచిపోను. తుపాకి మడమతో కొట్టిన రోజు కూడా ఆయన అట్లా చూడలేదు. పేరు తెలుసని అందరికీ తేలిపోయింది, గెలిచామనుకున్నాను. ఇంతలో ఆయన, ఇదేం పని, ఊరుకో అన్నట్టు చెయ్యి అడ్డంపెట్టి మెల్లగా "జమునా" అన్నాడు.

వకీలు నవ్వలేదు. నీ కాగితంలో ఆ ముక్క మీద వేలు పెట్టి మున్సిఫుకు చదివి వినిపించాడు. "భార్యను కూతురి పేరుతో పిలుస్తాడు, హుజూర్. ఈమె పేరు ఆండాళు." అని ఊరుకున్నాడు. వాడు తెలుగువాడే. ఇంటికి పోతే వాడు కూడా పెండ్లాన్ని బిడ్డ పేరుతోనే పిలుస్తాడు. అక్కడున్న గుమాస్తాలు, బంట్రోతులు, మా వకీలు, చూడవచ్చినవాళ్లు, ఒక్కడు గూడా వేరే రకంగా పిలవడు. ఒక్కడు నోరు తెరవలేదు. మా వకీలు కాగితాలు సర్దుకున్నాడు. నేను ఉర్దూలో చెప్పబోయాను, నాకు వచ్చిన ఉర్దూ అంగట్లో బెల్లం కొనడానికి పనికొస్తుంది, అంతే. పేరుకు తిరిగాడు గదా అని ఏడుస్తూ తెలుగులో చెప్పాను. చప్పుడుకు తిరిగాడన్నారు.

మున్సిఫు మంచివాడే. జాలిగానే చూశాడు. డాక్టరు ఈమె సొంత అన్న, సొంత చెల్లె సంసారం మీద ఎవరైనా అబద్ధం రాస్తారా అన్నాడట. మీ బావ సాక్ష్యం తీసుకోలేదు. దావా కొట్టేశారు.

బయటికి వచ్చాక మీ బావ ఒక పుల్ల తీసుకొని ఎడమ చేత్తో దుమ్ములో గీశాడు. తూము ఇక్కడ, తుమ్మచెట్టు ఇక్కడ, మూడు గట్లు ఇట్లా. ఒక్క గట్టు తప్పలేదు. నేను చూశాను. ఇంకెవరికి చూపించేది?

ఆండాళు

*

మిర్యాలగూడ,
1949 మే

ప్రియమైన చెల్లెలు ఆండాళుకు,

పొలం విషయం విని చాలా బాధపడ్డాను. విధి అనుకోవాలి. నాకు హైదరాబాదు బదిలీ ఉత్తర్వు వచ్చింది, సామాన్లు కట్టిస్తున్నాను. అక్కడ కుదుటపడ్డాక జమునను పంపిస్తే చదివిస్తాను.

నీ ఉత్తరంలో ఒక విషయం నన్ను నిద్రపోనివ్వలేదు. నీ గొంతు విని బావ తన పేరుకు తిరిగాడన్నావు. అంటే పోయిందనుకున్న పేరు, బలమైన ఉద్వేగం కలిగినప్పుడు తిరిగి వస్తుందన్నమాట. పెద్ద డాక్టరుగారికి చెప్తే ఇది మొదటి వ్యాసానికి కొనసాగింపు అవుతుందని ఎంతో ఉత్సాహపడ్డారు. నువ్వు ఎంత దూరం నుంచి పిలిచావు, ఏ పక్కకు తిరిగాడు, వెంటనే తిరిగాడా, కొంచెం ఆగి తిరిగాడా, అప్పుడు కుడి చెయ్యి కదిలిందా? తరువాత మళ్లీ పిలిచి చూశావా? గుర్తున్నంత వరకు వెంటనే రాయి. ఈసారి నీ అభిప్రాయాలు కూడా రాయవచ్చు.

నీ అన్న
యాదగిరి

*

కోదాడ,
1949 జూన్

డాక్టరు యాదగిరిగారికి,

మీరు అడిగినవాటికి జవాబులు.

మళ్లీ పిలవలేదు. ఒక్కసారి పిలిచినందుకే ఇక్కడి ఆడవాళ్లు నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. కచేరీలో మొగని పేరు పెట్టి అరిచిందట అని బావి కాడ చెప్పుకుంటున్నారు. లచ్చమ్మ ఒక్కతే నాతో మాట్లాడుతున్నది. ఆయనకు కొంచెం జ్వరం వచ్చినా భయమే, ఆయుష్షు నేనే తగ్గించానేమోనని. మీకు ఇది నవ్వులాటగా ఉంటుంది. నాకు కాదు.

సూర్యాపేట నుంచి వచ్చాక ఆయన మాట్లాడడం మానేశాడు. పోవడం వేరు, మానెయ్యడం వేరు. వానకాలంలో మాట లేనప్పుడు మాట కోసం నోరు తెరిచేవాడు. ఇప్పుడు నోరు తెరవడు. దొర పొలంలోనే, మా మడిలోనే, కూలికి పోతున్నాము. గట్టు ఉండిన చోటికి వస్తే ఆయన అలవాటుగా కాలు ఎత్తి దాటుతాడు. అక్కడ ఇప్పుడు గట్టు లేదు. గుమాస్తా దాన్ని కూడా పిచ్చి కిందనే చూపిస్తున్నాడు.

జమునను పంపను. దానికి తెలివి ఎక్కువైతే ఎవరి పేరు మరిచిపోతుందో అని భయం.

మీ పరిశోధనకు పనికొస్తుందని నా అంతట నేనే ఒక పరీక్ష చేశాను. నిన్న అన్నం పెట్టే ముందు ఆయన ఎదురుగా కూర్చొని మీ పేరు చెప్పాను. పెద్దవాడని నేను మీ పేరు కూడా ఇంతకుముందు నోటితో ఎన్నడూ అనలేదు. యాదగిరి అంటే ఎవరో చెప్పు అని అడిగాను. ఆయన కంచం పక్కకు జరిపి నా మొహంలోకి చూశాడు. సూర్యాపేట నుంచి వచ్చాక ఆయన నోరు తెరిచింది అప్పుడే. ఎక్కడా తడబడలేదు.

"అట్లాంటోడు మనకెవ్వడు లేడు" అన్నాడు.

రాసుకోండి. మనుషుల పేర్లు పోతాయని మీరు చెప్పింది నిజమే.

సైదయ్య భార్య
ఆండాళు